ఆకు ముట్టని ఇల్లు

మా ఆయన గుండెల ఇనుప తలుపున్నది. డాక్టర్లు దాన్ని వాల్వు అంటరు, మా ఊరోళ్లు మిషను అంటరు. చిన్నప్పుడెన్నడో కీళ్ల జ్వరమొస్తే ఇంట్లోళ్లు నాలుగు రోజులు కాపడం పెట్టి ఊకున్నరట. ఆ జ్వరం పోతా పోతా గుండెల ఒక తలుపును కరాబు చేసి పోయింది. పెండ్లయి, బిడ్డ పుట్టి, ఎకరంల చామంతి, ఇంకో ఎకరంల బీర పందిరి ఏసుకొని, ఇగ మాకేం ఫికర్ లేదనుకునే యాళ్లకు ఆయాసం షురువైంది. పట్నం దవాఖానల ఎద కోసి, పాత తలుపు తీసి, కొత్తది కుట్టిన్రు.

ఇంటికి పంపేటప్పుడు ఆ పెద్ద డాక్టర్ నన్ను పిలిచి చెప్పిండు. "అమ్మా, రక్తం పల్చగ ఉండేటందుకు ఈ గోలి రోజు ఎయ్యాలె. బతికినన్నాళ్లు ఎయ్యాలె. రక్తం చిక్కగైతే వాల్వుకు గడ్డ కడ్తది. మరీ పల్చగైతే ఎక్కడన్న లోపల కారుతది. నెలకోసారి పరీక్ష చేపియ్యండి. ఆకుకూరలు జర చూసుకోండి, అండ్ల ఉండే ఒక విటమిను ఈ గోలిని పనిచెయ్యనియ్యది."

ఆయన అన్నది చూసుకోండి అని. మేము ఇన్నది ముట్టొద్దు అని. మా దిక్కు డాక్టర్ దేన్నన్న చూసుకోమన్నడంటే దాన్ని బంద్ చెయ్యమన్నట్టే లెక్క. షుగరోళ్లకు అన్నం చూసుకోమంటే అన్నం గిన్నె బోర్లిస్తరు. మేమూ అంతే. పుంటికూర, పాలకూర, తోటకూర, మెంతికూర, ఒక్కటి రానియ్యలే ఇంట్లకు. కొత్తిమీర గూడ మానేసిన. చారుల కల్యామాకు రెబ్బ కనిపిస్తే మా ఆయన దాన్ని రెండు ఏళ్లతోని పట్టి, తేలును తీసినట్టు తీసి పళ్లెం పక్కకు పెడ్తుండె. పక్కింటామె ప్రేమతోని పుంటికూర కట్ట పంపిస్తే, "మా ఇంట్ల ఆకు ముట్టరమ్మా" అని నేను మల్ల పంపిస్తుంటి. చేవెళ్ల మార్కెట్ల ఆకుకూరలు రాశులు పోసి పెడ్తరు గదా, నేను అటు దిక్కు సూడకుంట మొఖం తిప్పుకొని నడుస్తుంటి. చుట్టాల పెండ్లిలకు పోతే మాకంటే ముందు మా కథే పోతుండె. వడ్డించేటోళ్లు మా ఆయన ఇస్తరి దగ్గరికొచ్చి, "అన్నకు ఆకు పడది, పాలకూర పప్పు పొయ్యకు" అని అరుస్తుంటిరి.

ఇంత జాగ్రత్తగున్న ఇల్లది. 

డాక్టర్లు మాకు చెప్పనిది ఒకటున్నది. చప్పుడు. ఇనుప తలుపు తెరుసుకొని మూసుకున్నప్పుడల్లా టిక్కుమంటది. గోడ గడియారం లెక్క, కాకుంటే ఎదల. పగటి పూట పనుల మీద పడి పోతది. పండుకున్నప్పుడు, అందులో ఎడమ దిక్కు ఒరిగినప్పుడు, మంచం పట్టెకు గూడ తెలుస్తది. మా చర్చి చిన్నది, రేకుల చర్చి. పాస్టరయ్యగారు "అందరు మౌనంగ ప్రార్థన చేసుకుందాం" అన్నంక, కండ్లు మూసుకున్నోళ్లందరికి మా ఆయన గుండె ఇనపడ్తది. మొదట్ల పిల్లలు కిసకిస నవ్వుతుండిరి. తర్వాత తర్వాత అలవాటైంది. ఆయన రాకుంటే పాస్టరయ్యగారు కండ్లు తెరవకుంటనే, "అన్న ఇయ్యాల రాలేదా అమ్మా?" అంటుండె.

నవ్వులాట బాగనే ఉండె. కానీ మనిషికి నిద్ర లేదు. "నువ్వు గడియారం పక్కల పండుకుంటున్నవు, నేను గడియారంల పండుకుంటున్న" అనేటోడు. చెవుల దూది పెట్టుకుంటే ఇంకింత గట్టిగ ఇనపడ్తుండెనట, చప్పుడు లోపలిదాయె మరి. రేడియో పెట్టినం, ఫ్యాను జోరుగ పెట్టినం. ఏం లాభం లేదు. పొద్దున లేసేసరికి కండ్లు ఎర్రగ, మొఖం పీక్కపోయి ఉంటుండె. చామంతులు తెంపుకుంట నిలవడ్డకాడనే కునుకు తీస్తుండెనట, కూలికొచ్చిన ఆడోళ్లు నాతోని చెప్పి నవ్విన్రు. నాకు నవ్వు రాలే.

మా తమ్ముడు మొయినాబాద్ దగ్గర ఒక ఫాంహౌజుల మేనేజరు. పట్నమోళ్లు కిరాయికి తీసుకొని పుట్టినరోజులు, పార్టీలు చేసుకునే జాగ అది. బావంటే వానికి పానం. ఒకనాడు చిన్న డబ్బా పట్టుకొచ్చిండు. డబ్బాల నల్ల గాజుసీస, సీస మూతకు రబ్బరు బుడ్డి. "నిద్రకు, అక్క. మా దగ్గరికొచ్చే పెద్ద పెద్దోళ్లందరు ఇదే వాడుతున్నరు. ఆయుర్వేదం. ఫోన్ల ఆ మందు కంపెనీ డాక్టరే మాట్లాడి రాసిచ్చిండు. నాలుక కింద రెండు చుక్కలు ఏసుకుంటే చాలు."

"మత్తు గిట్ల ఉండదు గదరా?" అన్న నేను. అదొక్కటే అడగాల్సిన మాటని నాకప్పుడు అనిపించింది.

"మత్తు గుణం తీసేసిన్రు అక్క. ఇండ్ల మత్తు లేనే లేదు." వాడు అబద్ధం చెప్పలే. వానికి తెలిసింది గంతే.

సీస మీద 'విజయ పత్ర సారం' అని రాసున్నది. నేను బడిల తెలుగు చెప్పేదాన్ని. విజయం అంటే గెలుపు, పత్రం అంటే ఆకు, కాగితం, ఉత్తరం అని పిల్లలతోని రాపిచ్చేదాన్ని. నేనే ఆ సీసను చేతుల పట్టుకొని, మందుల కంపెనీలోళ్లు మంచి పేరు పెట్టిన్రు అనుకొని అల్మారిల పెట్టిన. గంజాయికి మన పాత వైద్యంల విజయ అని పేరుంటదని నాకేం తెలుసు! గంజాయంటే మాకు పోలీసోళ్లు చెక్‌పోస్టుల కాడ పట్టుకునేది, పేపర్ల మొఖానికి గుడ్డ కట్టి నిలబెట్టేది. అది పసుపుపచ్చ నూనై, గాజుసీసల కూసోని, మా ప్రార్థన పుస్తకం పక్కల చేరుతదని ఎవరనుకుంటరు?

ఉన్నమాట చెప్పాలె. అది పనిచేసింది. మొదటి వారంలనే మనిషి మారిండు. తెల్లారి నేను చాయ పెట్టి లేపితే గాని లేవలే. ఎన్ని ఏండ్లకు ఆయన గురక ఇన్ననో! నాకైతే కండ్ల నీళ్లొచ్చినయి. తమ్మునికి ఫోన్ చేసి, "నువ్వు సల్లగుండాలెరా" అన్న. చప్పుడు పోలేదట, కాకుంటే దూరం జరిగిందట. "పక్కింట్ల గడియారం కొట్టుకున్నట్టున్నదే టీచరమ్మా" అన్నడు. నవ్వు మొఖం పెట్టి పూలకు పోయిండు.

తర్వాత చిగుర్లకెళ్లి రక్తం పడుడు షురువైంది. బ్రషు ఎర్రగైతుండె. పూల డబ్బాలు మోసిన చేతుల మీద నల్లటి కమిలిన మచ్చలు. పరీక్ష చేపిస్తే రక్తం ఉండాల్సిన దానికంటే పల్చగున్నదని వచ్చింది. మొయినాబాద్‌కు వారానికోసారి వచ్చే గుండె డాక్టర్ కాగితం సూసి కండ్లద్దాలు పైకి జరుపుకున్నడు.

"గోలి ఎక్కువ ఏసుకున్నవా?"

"లేదు సార్."

"మందు తాగుతవా? తంబాకు, గుట్క?"

"చర్చికి పోయేటోన్ని సార్."

"నాటు మందులు, పసర్లు గిట్ల?"

"అసలే లేదు సార్." పసరంటే మాకు రోట్ల దంచి, గుడ్డల పిండి, గిన్నెల పోసి, ముక్కు మూసి తాగిచ్చేది. గాజుసీసకు, బుడ్డికి, డబ్బా మీద అచ్చుకు ఆ పేరెట్ల వస్తది?

"ఆకుకూరలు?"

"ఆకు ముడితె ఒట్టు సార్!" అన్నడు మా ఆయన, రొమ్ము విరుసుకొని. ఆ మాట నాకిప్పటికి చెవులల్ల గింగురుమంటది.

డాక్టర్ తలకాయ కొట్టుకున్నడు. "అదేనయ్యా మీరు చేసే తప్పు! మొత్తం మానేస్తే గూడ రక్తం పల్చగైతది. చూసుకోమంటే మానేయమని కాదు. రోజింత, ఒకే తీరు తినాలె. ఏం నూనె వాడుతున్నరు?"

"కుసుమ నూనె సార్" అన్న నేను. వంట సంగతి అడుగుతున్నడనుకున్న. ఆయనా వంట సంగతే అడిగిండు. గుండె డాక్టర్లందరు అడుగుతరు గదా. నూనె అన్నప్పుడన్న నాకు అల్మారి యాదికి రావాలె. రాలే. నాలుక కింద ఏసుకునేది మాకు నూనె గాదు, చుక్కలు.

డాక్టర్ గోలి జర తగ్గించి రాసిండు. మేము బయటికొచ్చి, రోడ్డు మీదనే పాలకూర కట్ట కొన్నం. ఎన్ని ఏండ్లకో! మా ఆయన ఆ కట్టను బండి ముందు పెట్టుకొని, పిల్లను తీసుకపోయినట్టు తీసుకపొయ్యిండు. ఆనాటి సంది పాలకూరను చిన్న గిన్నెతోని కొలిచి, రోజింత వండి పెట్టిన. తప్పు దొరికింది, దిద్దుకుంటున్నమన్న ధైర్యం మాకు. ఆ ధైర్యంతోనే ఆయన చుక్కలు పెంచుకున్నడు. నిద్ర మల్ల పల్చనైతున్నదని రెండు చుక్కలు నాలుగైనయట, నాలుగు ఇంకెన్నైనయో నాకు తెల్వదు.

ఒకనాడు నేను బడికెళ్లి వచ్చేసరికి ఆయన గోడ దిక్కు మొఖం పెట్టి పండుకున్నడు. పగటి పూట పండే మనిషి గాదు. "బీర పందిరి కింద వంగి లేస్తుంటె దానికి పాతిన షాబాద్ బండ కడీ నెత్తికి కొట్టుకున్నదే. బొప్పి కట్టింది గంతే. తలకాయే పగిలిపోతున్నది" అన్నడు. పందిరి కింద పనిచేసేటోళ్లకు కడీ తగులుడు రోజుండే ముచ్చటే. చాయ ఇస్తే ఎడమ చెయ్యితోని కప్పు అందుకున్నడు. అందుకున్నడో లేదో కప్పు కింద పడ్డది. "అయ్యో, జారింది" అని ఇంకోసారి చెయ్యి చాపిండు. చెయ్యి లేవలే. ఆయన ఆ చేతిని ఎవరిదో అన్నట్టు సూసిండు. తర్వాత భళ్లున కక్కుకున్నడు.

తమ్ముడు కారు తెచ్చిండు. ఆ పట్నం రోడ్డు సంగతి మా దిక్కోళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఒక్క లారీ ఆగితే అంతా ఆగుతది. మొయినాబాద్ కాడ కార్లకు కార్లు తగిలి నిలవడ్డయి. అందరు ఫాంహౌజులకొచ్చేటోళ్లు, పాటలు పెట్టుకొని, కిటికీలకెళ్లి చేతులు బయట పెట్టి. తమ్ముడు హారన్ మీద చెయ్యి తియ్యలే. నేను కిటికీకెళ్లి తలకాయ బయట పెట్టి, "జర జరగండయ్యా, మీకు దండం పెడ్త" అని ఒర్లిన. ఒకడు నవ్వుకుంట నాకు చెయ్యి ఊపిండు. నేను గూడ ఏదో షాది కారుల ఉన్ననని అనుకున్నడో ఏమో. ఎనక సీట్ల మా ఆయన తలకాయ నా ఒళ్ల ఉన్నది. గుండె మాత్రం టిక్ టిక్ మని మంచిగ కొట్టుకుంటున్నది. అది ఒక్కటే మంచిగున్నది. నేను ఉత్తగ "దేవా, దేవా" అనుకుంట కూసున్న.

దవాఖానల ఫోటో తీసి మెదడుల రక్తం కారిందన్నరు. డ్యూటీల ఉన్న డాక్టరమ్మ, పెండ్లయి పోయిన మా బిడ్డ అంత ఉంటది. రక్తం రిపోర్టు చేతుల పట్టుకొని బయటికొచ్చింది. "ఇంత పల్చన ఎట్లైందమ్మా? గోలి తగ్గించినంక గూడ ఇంకింత పల్చగైందంటే ఏదో ఉన్నది. ఆయన నోట్లెకు పోయేదంతా చెప్పండి. మందని మీరు అనుకోనిది గూడ చెప్పండి."

నేను చదివిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పిన. గోలీలు ఇవి. పాలకూర ఇంత. కుసుమ నూనె. మందు లేదు, తంబాకు లేదు, పసర్లు లేవు. ఎనకకెళ్లి తమ్ముని గొంతు సన్నగ ఇనపడ్డది.

"మేడం, చుక్కలు..."

"ఏం చుక్కలు?"

"నిద్రకు. మత్తుండది మేడం. ఆయుర్వేదం." ఫోన్ల సీస ఫోటో తీసి ఆమె ముందు పెట్టిండు.

ఆమె ఫోటోను పెద్దగ చేసి చదివింది. మల్ల చదివింది. "విజయ పత్రమంటే గంజాయి ఆకమ్మా" అన్నది.

"ఆకా?" అన్న నేను. గంజాయా అని గాదు. ఆకా అని. అంత లొల్లిల నా నోట్లెకెళ్లి వచ్చిన మాటది.

ఆ పిల్ల నన్ను కుర్చీల కూసోబెట్టి, తనూ కూసోని, నెమ్మదిగ చెప్పింది. "గంజాయిల గుణాలు మస్తుగుంటయమ్మా, అండ్ల రెండు పెద్దవి. ఒకటి మత్తిస్తది, గుండెను ఉరికిస్తది, బీపీని కిందమీద చేస్తది. గుండె రోగమున్నోళ్లకు అది ప్రాణం మీదికి తెస్తది. అదంటే అందరికి భయమే. రెండోది మత్తియ్యది, గడబిడ చెయ్యది, మంచిదాని లెక్క ఉంటది. మీరు ఏసింది ఎక్కువ అదే. కానీ ఈయన ఏసుకునే రక్తం గోలిని లివరు కరిగించి బయటికి పంపాలె గదా, ఇది ఆ పనికి అడ్డం కూసుంటది. ఈనాటి గోలి పోకముందే రేపటిది వచ్చి చేరుతది. ఒక్కటేసుకున్నా రెండేసుకున్నట్టైతది. గోలి తగ్గించిన డాక్టరుకు ఈ సంగతి తెలిసుంటే ఆపేయిస్తుండె, లేకుంటే రోజు మార్చి రోజు పరీక్ష చేసి గోలి సగం చేస్తుండె."

మేము మత్తు గురించి అడిగినం. మత్తు లేదన్నరు. మత్తు లేకుంటే భయం లేదనుకున్నం. ఇంకేం అడగాలెనో మాకెట్ల తెలుస్తది, మీరే చెప్పండి!

తమ్ముడు దవాఖాన గోడకు తలకాయ ఆనించి ఏడుస్తున్నడు. దగ్గరికి పోయిన, నాలుగు తిడుదామనే పోయిన.  "ఎవడు చెప్పిండురా నీకు, పెద్ద డాక్టరువు" అన్న. వాడు, "నిద్రపోయిండు గదక్క, నువ్వే చెప్తివి గదా" అన్నడు.  వాన్ని తిట్టాల్నా? ఫోన్ల మాట్లాడి రాసిచ్చిన ఆ కనపడని డాక్టర్ని తిట్టాల్నా? నూనె అంటే వంటనూనే అనుకున్న మొయినాబాద్ డాక్టర్ని తిట్టాల్నా? ఎవర్ని తిట్టినా లోపల కారుతున్న రక్తం ఆగది. కోపం కొండంత ఉన్నది, దించుదామంటే జాగ లేదు. వాని పక్కలనే నేల మీద కూలబడ్డ.

రక్తం చిక్కగయ్యే సూదులిచ్చిన్రు. ఇచ్చుకుంటనే చెప్పిన్రు, "చిక్కగైతే వాల్వుకు గడ్డ కట్టొచ్చమ్మా" అని. మరి పల్చగుంచితే? "మెదడుల ఇంకింత కారొచ్చు." అటు గాదు ఇటు గాదు. రోజు పొద్దున డాక్టర్లు గుంపుగ నిలవడి, పల్చనా చిక్కనా అని మాట్లాడుకుంటుండిరి. నేను తలుపు సందుల నిలవడి వాళ్ల మొఖాలు సూస్తుంటి. నా చేతుల ఏం లేదు. కూర వండుమంటే వండుత, మానుమంటే మానుత. ఏది చెయ్యాలెనో ఎవ్వలన్న చెప్తే కదా! వాళ్లకు గూడ తెల్వదని నాకు తెలుస్తనే ఉండె.

బతికిండు. ఎడమ చెయ్యి పూర్తిగ రాలే. కప్పు పట్టుకుంటడు, పువ్వు తెంపలేడు. చామంతి తెంపుడంటే పెద్ద బలం అక్కర్లేదు, చేతి ఏళ్లు చెప్పినట్టు ఇనాలె. ఆయన ఏళ్లు ఇనవు. తోట కౌలుకిచ్చినం. ఆయన గెట్టు మీద కుర్చీ ఏసుకొని, వేరేటోళ్లు తన పూలు తెంపుతుంటె సూస్తడు.

చుక్కలు బంద్. చప్పుడు మల్ల దగ్గరికొచ్చింది. నిద్ర గోలీలు జర తేలికవి రాసిచ్చిన్రు, అవి పనిచేస్తలేవు. గట్టివి ఇయ్యమంటే, తూలి పడితే మల్ల నెత్తికి తగులుతదని భయపడుతున్నరు. "చెవి మెల్లగ మర్చిపోతదమ్మా" అంటున్నరు. ఎన్ని ఏండ్ల సంది మర్చిపోని చెవి అది. మా ఇంట్లకిప్పుడు పుంటికూర వస్తున్నది, పక్కింటామె మల్ల కట్టలు పంపుతున్నది. రోజింత, ఒకే తీరు. మొన్న పళ్లెం ముందు కూసోని ఆయన నవ్విండు, నోరొక పక్కకు పోయిన నవ్వు. "ఈ ఆకు తినుమంటవు. నాకు నిద్రిచ్చిన ఆకు వద్దంటవు."

"నేనేడ అంటున్ననయ్యా, డాక్టర్లే అంటున్నరు."

"ఒక్క చుక్క. నెలకొక్కసారి. పరీక్ష చేపించుకుంటనే ఏసుకుంట."

డాక్టరమ్మను ఆ ముచ్చట గూడ అడిగిన నేను. మెదడుల ఒకసారి కారినంక ఇగ ఆ మాటే ఎత్తొద్దన్నది. అదే చెప్పిన. పళ్లెం పక్కకు జరిపిండు.

నిన్న పగటీలి ఇద్దరం వాకిట్ల మంచం మీద కూసున్నం. బయట చప్పుడు లేదు, కరెంటు గూడ లేదు, ఫ్యాను ఆగింది. ఆయన ఎద మీద చెయ్యేసుకొని ఆ టిక్ టిక్ ఇన్నడు. కండ్ల కింద నల్లగ గుంతలు పడ్డయి. తర్వాత నా దిక్కు సూడకుంటనే అన్నడు.

"ఇది ఆగినప్పుడు గదా టీచరమ్మా, నేను మంచిగ పండుకునేది."

 "ఆగితే నేనెట్ల పండుకోవాలెనయ్యా?" అన్న.

ఆయన రాని చేతిని వచ్చే చేతితోని పట్టుకొని తెచ్చి నా చేతుల పెట్టిండు.